తీసేసిన పేరా

అమీర్‌పేటలో మా షాపు ఒక పాత కాంప్లెక్స్ సెల్లార్‌లో ఉండేది. మెట్లు దిగితే ఎడమ చేతికి మొదటి షట్టరు. రెండు కంప్యూటర్లు, ఒక పెద్ద జిరాక్స్ మిషను, స్కానరు, లామినేషన్ మిషను, నేను. పై మూడంతస్తుల్లోనూ కోచింగ్ సెంటర్లు. వెనక సందులో వరసగా లేడీస్ హాస్టళ్లు. పెళ్లికి ముందు టైపు హయ్యరు పాసయ్యాను. ఆ వేళ్లతోనే ఇన్నేళ్లు నెట్టుకొచ్చాను. మా ఆయన సనత్‌నగర్‌లో ఒక చిన్న వర్క్‌షాపులో లేత్ మిషను మీద పనిచేస్తాడు.

వానలు మొదలయ్యాక లా పిల్లలు వచ్చేవారు. ఫెలోషిప్ అంటే ఏమిటో వాళ్ల కాగితాలు సర్దిపెట్టడం వల్లే నాకు తెలిసింది. ఆఖరి సంవత్సరంలో ఉన్నవాళ్లూ, పట్టా చేతికొచ్చి ఏడాదో రెండేళ్లో అయినవాళ్లూ వాటికి పెట్టుకుంటారు. ఎంపికైతే కొంతకాలం ఒకచోట పని, బతకడానికి సరిపడా నెలజీతం. చట్టసభలో ఒక సభ్యుడి వెంట ఉండి బిల్లులు చదివి వివరించేది ఒకటి. పై చదువుకు విదేశం పంపేది ఒకటి. వకీలును పెట్టుకోలేని ఖైదీల కోసం ఏదో ఒక జైలు ఉన్న ఊళ్లో మకాం పెట్టి పనిచేసేది ఇంకొకటి. ఏది అయినా అడిగేవి దాదాపు ఒకటే: బయోడేటా, ఒక వ్యాసం, ఇద్దరు పెద్దల సిఫార్సు లేఖలు, ‘నువ్వెవరు, ఈ పని ఎందుకు చేయాలనుకుంటున్నావు’ అన్నదానికి రెండు పేజీల జవాబు. ఆ రెండు పేజీల దగ్గరే పిల్లలు ఆగిపోయేవారు. ఫోన్‌లో రాసుకొచ్చింది నాకు పంపి, పక్క స్టూలు మీద కూర్చుని, నా చేత మార్పించి, మళ్లీ మార్పించేవారు. మొదటిదే నయమని తిరిగొస్తారని ఒకటి, రెండు, మూడు అని నంబర్లు వేసి అన్నీ దాచేదాన్ని. చెరిపేయమని ఎవరూ అడగలేదు. నాకూ తోచలేదు.

ఆ అమ్మాయి సూర్యాపేట వైపు నుంచి వచ్చింది. తండ్రి ఆర్టీసీలో కండక్టరు. లా పూర్తయి ఏడాది దాటింది. పంజాగుట్టలో ఒక పెద్ద వకీలు ఆఫీసులో జూనియర్‌గా చేస్తోంది. ఉండేది మా వెనక సందులోని హాస్టల్లో. సన్నగా, నల్లగా, ఎప్పుడూ తొందరలో ఉన్నట్టు ఉండేది. నల్ల కోటు మడతపెట్టి బ్యాగులో కుక్కుకుని సాయంత్రం అయిదున్నరకు మెట్లు దిగేది.

“ఆంటీ, జర మార్జిన్లు సరిచెయ్యుండ్రి. రెండు పేజీలు దాటొద్దంట.”

ఆమె పెట్టుకుంటున్నది జైలు ఫెలోషిప్. వేరే రాష్ట్రంలో, ఆ భాష కూడా రాని ఊళ్లో ఏడాది. నాకది నచ్చలేదు. జైలేంది, ఆడపిల్ల ఒక్కతే పోవుడేంది అని ఒకసారి అన్నాను కూడా. ఆమె నవ్వేసింది. “లోపలున్నోళ్లకంటే బయటున్నోళ్లతోనే భయం ఆంటీ,” అంది. అప్పుడా మాటను నేను పట్టించుకోలేదు.

మొదటి డ్రాఫ్టులో అన్నీ పుస్తకాల మాటలే. రెండోదానిలో తండ్రి గురించి రాసింది. మూడోది పట్టుకొచ్చిన రోజు స్టూలు మీద కూర్చోలేదు, నా వెనక నిలబడింది. నేను స్క్రీన్ మీద చదువుతూ పోతుంటే మూడో పేరా దగ్గర చేతివేలు ఆగిపోయింది.

అందులో ఇలా ఉంది. తాను పనిచేసే చోట ఒక ముసలాయన వీలునామా తయారైంది. ఆయన సంతకం చేసినప్పుడు తాను అక్కడ లేదు. అయినా ఉన్నట్టుగా సాక్షి సంతకం పెట్టమన్నారు. పెట్టలేదు. ఆ ముసలాయన అసలు ఎవరి ముందైనా సంతకం చేశాడా అన్నది తనకు ఇప్పటికీ తెలియదు. చదువుకున్న తనకే అంత భయం వేస్తే, చదువు రాని మనిషి ఒక కాగితం ముందు ఎంత ఒంటరివాడై ఉంటాడో అప్పుడు అర్థమైంది. అందుకే ఈ పనికి రావాలనుకుంటోంది. పేర్లు లేవు, ఊరు లేదు. మొత్తం కలిపి ఏడెనిమిది వాక్యాలు.

“ఇది నిజమేనా బిడ్డా?”

“నిజమే.”

“మరి మీ సారు ఏమన్నడు?”

“ఏమనలే ఆంటీ. నవ్విండు. ‘సరేలే, నీ ఇష్టం’ అన్నడు. గా రోజు నుంచి నాతోని మస్తు మంచిగ మాట్లాడుతుండు. గదే నాకు సమజైతలేదు.”

సిఫార్సు లేఖ ఇవ్వాల్సిన ఇద్దరిలో ఆ సారు ఒకడు. నాకున్న లోకజ్ఞానంతో చెప్పాను: “గీ పేరా తీసెయ్యి. గాయన చేతుల నీ లెటర్ ఉన్నది.” పైన ఎక్కడో క్లాసు వదిలినట్టున్నారు, మెట్ల మీద వందల చెప్పుల చప్పుడు. చివరికి తనే ముందుకు వంగి, ఆ పేరా మొత్తం ఎంచుకుని చెరిపేసింది. నాలుగో డ్రాఫ్టు అదే. దాన్నే పీడీఎఫ్ చేసి ఇచ్చాను, ఒక ప్రింటు తీసి మా షాపు పేరున్న కవర్లో పెట్టాను. మూడోది నా కంప్యూటర్‌లో అలాగే ఉండిపోయింది.

*

ఆ తర్వాతి వారం విడవకుండా వాన పడింది. ఒక రోజు సెల్లార్‌లోకి మోకాలి లోతు నీళ్లొచ్చాయి. కరెంటు తీసేశారు. కాంప్లెక్స్ మొత్తం మూసి, మోటారు పెట్టి తోడించారు. మర్నాడు తెరిచినా గోడలకు ఆ తడి వాసన పోలేదు. అలాంటి ఒక మధ్యాహ్నం ఒకాయన మెట్లు దిగి వచ్చాడు. నలభై అయిదేళ్లుంటాయి. ఇస్త్రీ చొక్కా, దువ్విన తల. అంత వానలో వచ్చిన మనిషి మీద ఒక్క చినుకు లేదు.

ఆ అమ్మాయి పేరు చెప్పి, తన చెల్లెలన్నాడు. పెదనాన్న కొడుకునన్నాడు.

“ఖమ్మంలో స్థిరపడ్డామండి మేము. అందుకే నా మాట ఇలా ఉంటుంది,” అన్నాడు. నేను అడగలేదు. అడగని దానికి జవాబు చెప్పిన మనిషిని అప్పుడే అనుమానించి ఉండాల్సింది.

“జైలు ఉద్యోగానికి ఏదో పెట్టుకుంటోందటండి. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. బాబాయికి తెలిస్తే తట్టుకోలేరు. ఏం రాసిందో ఒకసారి చూస్తే, మెల్లగా నచ్చజెప్పుకుంటాం. మీరు కూడా ఆడపిల్లల్ని చూసే ఉంటారు కదండీ, రోజూ ఇంతమందిని.”

ఇది చెప్పడానికి నాకు ఇప్పటికీ కష్టంగానే ఉంటుంది. ఆయన నన్ను బలవంతపెట్టలేదు. నేనే ఆయన మాటలో నా మాట విన్నాను. ఆ పిల్ల అంత దూరం పోవడం నాకు ఇష్టం లేదు. ఇంటివాళ్లకు తెలియడం మంచిదే అనుకున్నాను. షాపులో హాల్ టికెట్ల కోసం అయిదారుగురు నిలబడి ఉన్నారు. “ఏది కావాలె?” అని అడిగాను.

“ఎన్ని ఉన్నాయండీ?”

“నాలుగు.”

“నాలుగూ ఇచ్చేయండి.”

ప్రింట్లు తీసి ఇచ్చాను. కౌంటరు పక్కన నిలబడే చదివాడు. మొదటిది తిరగేశాడు. రెండోదీ అంతే. మూడో కాగితం మీద ఆయన చూపు కిందికి పోతూ పోతూ ఒకచోట ఆగింది. మళ్లీ పైకి వచ్చి ఆ ముక్కే చదివాడు. అది మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. మిగిలిన మూడూ కౌంటరు మీదే వదిలేశాడు.

“చెల్లికి నేనొచ్చినట్టు చెప్పకండి, చిన్నబుచ్చుకుంటుంది. ఇక్కడికి ఏ టైముకు వస్తుందండీ మామూలుగా?”

“అయిదున్నరకు. ఆఫీసు అయినంక,” అన్నాను.

ఆయన వెళ్లాక ఆ మూడు కాగితాలూ చింపి బుట్టలో వేశాను. అన్న అయినవాడు ఆఖరి కాగితం కదా తీసుకుపోవాలి, మూడోది ఎందుకు తీసుకున్నాడని అప్పుడు అనిపించింది. మెట్లెక్కి పైకి వెళ్లి చూశాను. మెట్రో పిల్లర్ల కింద ఆటోలు, గొడుగులు, జనం. మనిషి లేడు.

*

ఆ సాయంత్రం ఆమె రాలేదు. మర్నాడూ రాలేదు. నాలుగో రోజు వచ్చింది. బ్యాగులో కోటు లేదు. స్టూలు లాక్కుని కూర్చుంది. షాపులో ఇంకెవరూ లేరు.

“సారు పిలిచిండు ఆంటీ. టేబుల్ మీద అద్దం కింద నా కాగితం పెట్టి ఉన్నది. నేను తీసేసిన పేరా. ఇంగ్లీషు మస్తుగున్నదన్నడు. ఇంకేం అనలే. పొమ్మన్నడు.”

నేను స్క్రీన్ వైపు తిరిగి కూర్చున్నాను.

మిగతాది ముక్కలు ముక్కలుగా చెప్పింది. ఆ సాయంత్రమే సారు ఫెలోషిప్ వాళ్లకు మెయిల్ పెట్టాడు. ఈ అమ్మాయి నడవడికకు తాను హామీ ఇవ్వలేనని, తన లేఖను వెనక్కి తీసుకుంటున్నానని. మర్నాడు ఆఫీసులో ఒక ఫైలు కనబడటం లేదన్నారు. ఆమె బీరువా వెతికారు. దొరకలేదు. స్టేషన్‌లో ఫిర్యాదు ఇవ్వబోతున్నామని సూర్యాపేటకు, ఆమె తండ్రికే ఫోన్ చేసి చెప్పారు. హాస్టల్ వార్డెన్‌కు కూడా ఎవరో ఫోన్ చేశారు, ఆ గదిలో ఆఫీసు కాగితాలున్నాయేమో చూడమని.

“సాయంత్రం అయిదున్నరకు సందు మొదట్ల నేనెన్నడు చూడని ఒకాయన నిలబడుతుండు. ఏమనడు. చూస్తడు, అంతే.”

తర్వాత నా కళ్లలోకి చూసి అడిగింది. “ఆంటీ, నా ఫైల్ మీరు ఎవరికన్న ఇచ్చిండ్రా?”

“లేదు,” అన్నాను.

ఆలోచించి చెప్పింది కాదు. వేడి గిన్నె తగిలితే చెయ్యి వెనక్కి వచ్చినట్టు వచ్చేసింది ఆ మాట. ఆమె తల ఊపింది. “మరి నా మెయిల్ హ్యాక్ చేసిండ్రో ఏమో,” అని తనలో తాను అనుకుంది. లేచి, పాస్‌వర్డు మార్చుకోవాలని నా రెండో కంప్యూటర్ దగ్గరే కూర్చుంది. ఆమె వీపు నా వైపు ఉంది. చెప్పడానికి అదే సమయం. పది నిమిషాలు ఉంది అక్కడ. నేను స్టేప్లర్‌లో పిన్నులు నింపుతూ కూర్చున్నాను.

*

రెండు రోజులకు ఆయన మళ్లీ వచ్చాడు. ఈసారి అన్నగా రాలేదు.

“నేను వకీలుగారి గుమస్తానండి,” అన్నాడు, ఏదో మామూలు విషయం చెప్పినట్టు. “మొన్న కొంచెం మాట మార్చాల్సొచ్చింది. ఏమీ అనుకోకండి. మీ కవరు ఆ పిల్ల టేబుల్ మీద చూసి వచ్చాను.”

నా కౌంటరు మీద టైపు చేసిన ఒక కాగితం పెట్టాడు. తెలుగులో ఉంది. ఫలానా తేదీ సాయంత్రం ఆ అమ్మాయి ఆఫీసు ఫైలు ఒకటి తెచ్చి మా షాపులో కాపీలు తీయించుకుని వెళ్లిందని, అది నేను కళ్లారా చూశానని. కింద నా పేరు. నా ఇంటిపేరుతో సహా, మా ఆయన పేరుతో సహా. సంతకానికి చుక్కల గీత.

“ఆమె ఏ ఫైలూ తేలే,” అన్నాను.

“మీకు గుర్తుండకపోవచ్చండి. రోజూ ఎంతమంది వస్తారు! ఒక్క సంతకమే కదా. కోర్టుకు రావాల్సిన పని కూడా ఉండదు.” చుట్టూ చూశాడు. గోడకున్న నీటి గీత మీద వేలు పెట్టాడు. “సెల్లార్‌లు పార్కింగ్‌కి కదండీ ఇచ్చేది. షాపులకు పర్మిషన్ ఉండదు. మునిసిపాలిటీలో మావాళ్లు చాలామంది ఉన్నారు, నేనైతే ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు.”

నేను కాగితాన్ని ఆయన వైపు జరిపాను.

“ఎల్లుండి వస్తాను. నిదానంగా చదువుకోండి. మీ వారితో కూడా మాట్లాడండి. సనత్‌నగర్ నుంచి ఏడున్నరకల్లా వచ్చేస్తారు కదండీ?”

మెట్లెక్కి వెళ్లిపోయాడు. మా ఆయన వచ్చే టైము ఆయనకు ఎవరు చెప్పి ఉంటారు? ఎదురుగా ఉన్న టీ కొట్టువాడా, వాచ్‌మనా, పై అంతస్తు వాళ్లా? ఎవరైనా చెప్పి ఉండవచ్చు. అడిగిన తీరు మర్యాదగా ఉంటే ఎవరైనా చెప్పేస్తారు. నేను చెప్పలేదూ!

ఇంటికి వెళ్లి మా ఆయనకు మొత్తం చెప్పాను. అబద్ధం ఆడిన సంగతి తప్ప. ఆయన కాగితం రెండుసార్లు చదివాడు.

“గా పిల్ల మనకేమైతది?” అన్నాడు.

“ఏం కాదు.”

“షాపు పోతే?”

“తెల్వదు.”

ఆయన అన్నం ముందు కూర్చుని, ఉన్నట్టుండి ఆ కాగితం మీది తేదీ చూపించాడు. “గీ రోజు నువ్వు ఇంట్లనే ఉన్నవ్ కదా? నీళ్లొచ్చినయని షాపు బందు పెట్టిన రోజు గదే కదా?”

అదే. కాంప్లెక్స్ మొత్తం మూసి, మోటారు పెట్టి నీళ్లు తోడిన రోజు. ఆ తేదీని వాళ్లు ఎందుకు ఎంచుకున్నారో తెలియదు. బహుశా ఆమె ఆఫీసు నుంచి ముందే వెళ్లిపోయిన రోజై ఉంటుంది. నా షాపు మూసి ఉందో లేదో కనుక్కోవాలని కూడా వాళ్లకు అనిపించలేదు. సంతకం ఉంటే చాలు, జరిగిందో లేదో ఎవరడుగుతారు?

మా ఆయన చెయ్యి కడుక్కుని వచ్చి, “ముందుగాల గా పిల్లకు చెప్పు,” అన్నాడు. “నువ్వు ఇచ్చినవని సుత చెప్పు. చెప్పకుంట ఉన్నవని నీ మొఖం చూస్తేనే తెలుస్తున్నది.”

మర్నాడు పొద్దున హాస్టల్‌కు వెళ్లాను. వార్డెన్ నన్ను గేటు దగ్గరే ఆపి, ఆమెను కిందికి పిలిచింది. బూట్ల స్టాండు పక్కన నిలబడి మాట్లాడుకున్నాం. నేనే ఇచ్చానని చెప్పాను. నీ అన్ననని వచ్చాడని, నీ మంచికే అనుకున్నానని, నువ్వు అడిగితే అబద్ధం ఆడానని, ఆ మనిషే ఇప్పుడు మీ సారు గుమస్తానంటూ ఒక కాగితం మీద సంతకం అడుగుతున్నాడని.

ఆమె అరవలేదు. ఏడవలేదు. ఒక అడుగు వెనక్కి వేసింది, అంతే. ఆ అడుగు నాకు బాగా గుర్తు.

“నేను వచ్చే టైము సుత మీరే చెప్పిండ్రా?”

“నేనే చెప్పిన బిడ్డా.”

ఆమె చెయ్యి చాపింది. “ఆ కాగితం ఇవ్వుండ్రి.” చదివింది. తేదీ సంగతి చెప్పాను. అప్పుడు ఆమె ముఖం మారింది. నాకు తెలిసిన పిల్ల ముఖం కాదది. కోర్టులో ఎలా నిలబడుతుందో ఆ రోజే చూశాను.

“సంతకం పెట్టకుండ్రి. మీరు చూసింది, చేసింది మీ మాటల్ల రాయుండ్రి. నేను చెప్పను, మీరే రాయాలె. రాస్తరా?”

రాశాను. ఇన్నేళ్లలో ఎంతమంది గురించో టైపు చేసిన దాన్ని, నా గురించి నేను రాసుకోవడం అదే మొదటిసారి. ఒక మనిషి అబద్ధం చెప్పి వస్తే ఆ అమ్మాయి అనుమతి లేకుండా ఆమె కాగితాలు ఇచ్చానని, ఆమె అడిగితే ఇవ్వలేదన్నానని, ఫలానా రోజు షాపు తెరవనే లేదని. ‘ఇచ్చాను’ అన్న మాట టైపు చేయడానికి వేళ్లు మొరాయించాయి. సంతకం పెట్టి, గుమస్తా తెచ్చిన కాగితం కాపీతో కలిపి ఆమెకు ఇచ్చాను. ఆమె రెండూ ఫెలోషిప్ వాళ్లకు పంపింది. ఇంకో రెండు కాపీలు తన కాలేజీలో పాఠం చెప్పిన మేడమ్ దగ్గర దాచింది. రెండో సిఫార్సు లేఖ ఆ మేడమ్‌దే.

గుమస్తా చెప్పిన రోజుకు వచ్చాడు.

“సంతకం పెట్టను,” అన్నాను. “గా రోజు షాపే తెరవలే. నీళ్లొచ్చినయి.”

ఆయన గోడ మీది నీటి గీత వైపు మళ్లీ ఒకసారి చూశాడు. కోపం లేదు. తన కాగితం తాను తీసుకుని, మడిచి, “సరేనండి. మీ ఇష్టం,” అన్నాడు. నవ్వాడు కూడా. ఆ అమ్మాయి చెప్పిన నవ్వు అదేనేమో అనుకున్నాను.

*

వారం తిరగకుండానే ఆఫీసులో ఫైలు దొరికిందన్నారు. ఎక్కడో వేరే బీరువాలో ఉందట. ఫిర్యాదు ఇవ్వలేదు. క్షమించమని ఎవరూ ఎవరినీ అడగలేదు. ఫెలోషిప్ ఇంటర్వ్యూ వీడియోలో జరిగింది. లేఖ ఎందుకు వెనక్కి పోయిందని వాళ్లు అడిగారట, ఉన్నది ఉన్నట్టు చెప్పిందట. శ్రద్ధగా విన్నారట. నెల తర్వాత, ఈసారి ఎంపిక చేయలేకపోయామని మర్యాదగా రెండు వాక్యాల మెయిల్ వచ్చింది. కారణం రాయలేదు. నా వల్లనే పోయిందని నేనంటే, “గట్ల అనుకోకుండ్రి ఆంటీ, మూడు వందల మంది రాసి ఉంటరు,” అంది. కానీ నా కళ్లలోకి చూడకుండా అంది.

వెళ్లిపోయే ముందు ఒకసారి షాపుకు వచ్చింది. తన ఫైళ్లన్నీ తీసేయమంది. పక్కనే నిలబడి, ఒక్కొక్కటీ పోయేదాకా చూసింది. రీసైకిల్ బిన్ కూడా ఖాళీ చేయించింది. హన్మకొండలో ఒక వకీలు దగ్గర చేరుతున్నానని చెప్పి మెట్లెక్కింది. మళ్లీ వస్తాననలేదు.

దసరా ముందు మునిసిపాలిటీ నోటీసు వచ్చింది. నా ఒక్కదానికే కాదు, సెల్లార్‌లో ఉన్న నలుగురికీ. ఆ గుమస్తానే చేయించాడని నేనెక్కడా రుజువు చేయలేను. వాళ్లు ముగ్గురూ ఎవరినో పట్టుకుని ఏదో చేసుకున్నారు, ఇప్పటికీ అక్కడే ఉన్నారు. నేను వెనక సందులో ఒక గది తీసుకున్నాను. మిషను పట్టడానికి తలుపు చెక్క కొంత కోయాల్సి వచ్చింది.

మరుసటేడు వానల్లో ఆమె నుంచి ఫోన్ వచ్చింది. అలాంటిదే ఇంకో ఫెలోషిప్, ఇంకో సంస్థ. ఎంపికైందట. అప్పటికే ఆ ఊళ్లో ఉందట.

“ఈసారి ఆ పేరా తీయలే ఆంటీ,” అంది. “మొదట్లనే పెట్టిన.”

నేను ఏడ్చాను. ఆమె నేను ఆపేదాకా లైన్‌లో ఉంది. నన్ను క్షమించిందో లేదో అడగలేదు. అడిగితే మర్యాదకు ఏదో ఒకటి చెబుతుంది.

గుమస్తాను నేను ఆ తర్వాత రెండుసార్లు చూశాను. ఒకసారి పంజాగుట్ట మెట్రో మెట్ల దగ్గర, వేరే ఎవరో పెద్దాయన చెయ్యి పట్టుకుని జాగ్రత్తగా దింపుతున్నాడు. రెండోసారి ఈ మధ్యనే, నా కొత్త గదికే వచ్చాడు.

“బాగున్నారా అండీ? ఇక్కడికి మారారా! రెండు కాపీలు తీస్తారా?”

ఒక ముసలాయన ఆధార్ కార్డు, ఇంకేవో ఇంటి కాగితాలు. నా చేతులు వాటంతట అవే పనిచేశాయి. కార్డు అద్దం మీద బోర్లించాను, మూత వేశాను, మీట నొక్కాను. ఆ ఫొటోలోని మనిషి నోరు కొద్దిగా తెరిచి, ఎవరో పిలిస్తే ఇటు తిరిగినట్టు చూస్తున్నాడు. ఎర్రగడ్డ అడ్రసు. గుమస్తా కాపీలు తీసుకుని, దండం పెట్టినంత పనిచేసి వెళ్లాడు.

ఆ అమ్మాయికి ఫోన్ చేశాను. కార్డు మీద ఉన్న పేరు చెప్పబోతే వెంటనే ఆపేసింది.

“ఆంటీ, వద్దు. అది ఎవరిదో కాగితం. నాకు చెప్పకుండ్రి.” ఆమె వెనక ఇనప తలుపు ఏదో మూసిన చప్పుడు. “ఏదన్న చెప్పాలనిపిస్తే గా మనిషికే చెప్పుండ్రి.”

మర్నాడు రైతుబజారుకు వెళ్లే మిషతో ఎర్రగడ్డ వెళ్లాను. ఇల్లు దొరకడానికి ఎక్కువసేపు పట్టలేదు. ముసలాయన గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. ఒళ్లో చిక్కుళ్ల గిన్నె. నేను జిరాక్స్ షాపు దాన్నని, మీ కార్డు ఒకరు తెచ్చి కాపీలు తీయించారని చెప్పాను.

“అల్లుడు తీసుకపోయిండు. పింఛను కోసమని.”

“ఏ కాగితం మీదనన్న వేలిముద్ర ఏసిండ్రా పెద్దయ్యా? సంతకం?”

చిక్కుడుకాయ తుంచుతున్న చెయ్యి ఆగింది. నన్ను కింది నుంచి పైకి చూశాడు.

“నా ఇల్లు నీకెట్ల తెలిసె? ఎవరు పంపిండ్రు నిన్ను?”

చెప్పడానికి ప్రయత్నించాను. ఎక్కడ మొదలుపెట్టినా నా మాట ఆ గుమస్తా మాటలాగే వినబడింది. ఆయన గిన్నె పట్టుకుని లేచి లోపలికి వెళ్లాడు. తలుపు వేసుకున్నాడు, గడియ పెట్టుకున్నాడు. నేను బయటే కాసేపు నిలబడి, ఒక కాగితం మీద నా ఫోన్ నంబరు, ‘చూడకుండా ఎక్కడా సంతకం పెట్టకండి’ అన్న ఒక్క ముక్క పెద్ద అక్షరాలతో రాసి తలుపు కిందికి తోశాను. లోపల ఆయన అడుగులు దగ్గరికి వచ్చాయి. కాగితం మెల్లగా లోపలికి జారింది. వంగి తీసుకున్నట్టున్నాడు.

ఇంతవరకు ఫోన్ రాలేదు.